గోధుమరంగు సీసా

పద్దెనిమిదో తేదీ, మంగళవారం

అక్కకు,

నువ్వు గుండుసూది అని వెక్కిరించే చెల్లి నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటాను. అనుకోవడమే, నువ్వు ఫోనెత్తితే కదా తెలిసేది!

మా మందుల కంపెనీకి నువ్వు తెచ్చిన ఆకు లోడు పనికిరాదని రాసినందుకు నామీద ఉడికిపోతున్నావని తెలుసు. నేనూ ఇక్కడ హాయిగా ఏమీ లేను. పొద్దుట్నుంచి ల్యాబులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఈ ఉత్తరం ఇప్పటికి రెండుసార్లు చించేశాను.

మా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఆకును పొడిచేసి, ఆల్కహాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, ఆ సారాన్ని చిక్కబరిచి ఆరబెడతాం. ఒక తోట ఆకు ఘాటుగా ఉంటుంది, ఇంకోటి చప్పగా ఉంటుంది. మాత్రలో మాత్రం మందు ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండాలి. అందుకే ఆకు రాగానే కొలుస్తాం. నూరు గ్రాముల్లో కనీసం ఒక గ్రాము ఉండాలి. నీ ఆకులో అరగ్రామే వచ్చింది.

నీడలోనే ఆరబెట్టానని నువ్వు ఒట్టేశావు. నేనేమో, వెలుతురు తగిలితే మందు చచ్చిపోతుందని తెలీదా, ఎండలో పడేసి ఉంటావని అందరి ముందూ కడిగేశాను. నువ్వు లారీ ఎక్కి వెళ్ళిపోయావు. నీ బస్తాలు ఎర్ర చీటీలతో గోదాములో ఉన్నాయి. గురువారం సరఫరాదారుల జాబితాలోంచి నీ పేరు కొట్టేస్తారు.

మళ్ళీ పరీక్ష చేయొచ్చుగా అని బావ అడిగించాడు. నచ్చిన అంకె వచ్చేదాకా పరీక్షలు చేస్తూ కూర్చోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. మొదటిసారి ఫలానా పొరపాటు జరిగిందని ఎవరైనా రాసి సంతకం పెడితేనే, అదే ఆకులోంచి తీసి దాచిన నమూనా సీలు విప్పుతారు. అలా రాసినవాళ్ళను విచారణ తేలేదాకా ల్యాబులోకి రానివ్వరు. అదీ సంగతి.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? బరువులెత్తకు.

నీ చెల్లి

తా.క.: పొద్దున రాసిన ఈ ఉత్తరం పోస్టు చేయలేక సంచిలోనే ఉంచుకున్నాను. అసలు మాట ఇందులో లేదు. నీ ఆకు కొలిచిన రోజు, వెలుతురు చొరనివ్వని గోధుమరంగు సీసాలు అయిపోయాయి. స్టోరుదాకా వెళ్ళడానికి బద్ధకించి నీ నమూనాను మామూలు తెల్ల గాజు సీసాలో పోశాను. దాన్ని కిటికీ దగ్గర వదిలేసి భోజనానికి వెళ్ళాను. నిన్న ఆ సీసా కడుగుతుంటే అది గుర్తొచ్చింది. మధ్యాహ్నం అదంతా రాసి సంతకం పెట్టాను. సీలు విప్పి పక్క బల్ల ఆయన కొలిచాడు. గ్రాము పైనే ఉంది. ఎర్ర చీటీలు తీసేశారు. రేపట్నుంచి నేను ఇంట్లోనే ఉంటాను.

ఎండలో పెట్టింది నేనే, అక్కా. ఫోనెత్తు.