నన్ను కడిగేదెవరు

లేస్కోవో, బల్గేరియా
మార్చి 2001

ప్రియమైన నజ్మియేకి,

ఫోన్లో నీ మాట సగం వినబడదు, అందుకే ఉత్తరం.

నిన్న జనాభా లెక్కల పిల్ల వచ్చింది. బురదలో బూట్లు కూరుకుపోయి ఏడుపు మొహం పెట్టింది పాపం. మతం ఏమిటని అడిగి, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదంది. సర్కారు మన ముస్లిం పేర్లు తీసేసి బల్గేరియన్ పేర్లు పెట్టిన రోజుల్లో ఇంత మర్యాద ఎవరు చూపించారు? ముస్లింనని గట్టిగానే చెప్పాను. ఊళ్ళో మీవాళ్ళు ఇంకా ఎవరున్నారంది. మగవాళ్ళు నలుగురు ముసలాళ్ళు, ఆడదాన్ని నేనొక్కదాన్నే అన్నాను. పైకి అన్నాకే ఆ మాట బరువు తెలిసింది.

నాకు తోడు మిగిలిన ఐషే కూడా పోయిన వారం పోయింది. ఆఖరి స్నానం నేనే చేయించాను, మీ అమ్మ మనిద్దరికీ నేర్పినట్టే. ఆడదాని శవాన్ని ఆడదే కడగాలి కదా. మరి నన్ను కడిగేదెవరు? చావంటే భయం లేదు. కడగకుండా మట్టిలో పెడతారేమోననే నా భయమంతా. ఎనభై తొమ్మిదిలో మీరంతా టర్కీకి వెళ్ళిపోతున్నప్పుడు, "నీ ఆఖరి వేళకి కడగడానికి నేనొస్తా" అన్నావు. గుర్తుందా?

నీ
సెవ్దియే

బుర్సా, టర్కీ
ఏప్రిల్

ప్రియమైన సెవ్దియే,

ఒసేయ్, నీకప్పుడే చావేమిటి? పొగాకు తోటలో నలుగురి పని నువ్వొక్కదానివే చేసేదానివి. ప్రాణాలు తీసే అజ్రాయిల్ కూడా నిన్ను చూస్తే గుమ్మంలోంచే వెనక్కి పోతాడు.

జూన్‌లో మనవడి సున్తీ వేడుక. అది కాగానే వచ్చేస్తా. అక్కడున్నప్పుడు మనల్ని టర్కులన్నారు, ఇక్కడేమో బల్గేరియా వాళ్ళంటున్నారు. మా వీధిలో నన్ను ఊరి పేరడిగేవాళ్ళు కూడా లేరు. ఈమధ్య కాస్త నీరసం, అంతే. కూతురు ఊరికే ఆసుపత్రుల చుట్టూ తిప్పుతోంది.

ఎప్పటికీ నీ
నజ్మియే

లేస్కోవో
అక్టోబర్

నజ్మియేకి,

ప్రియమైన అని రాయాలనిపించలేదు. జూన్ పోయింది, పొగాకు కోసి ఎండబెట్టడం కూడా అయిపోయింది, నువ్వు మాత్రం మొహం చాటేశావు.

మొన్న పెరట్లో పడిపోయాను. పక్కింటి ద్రాగనా వచ్చి లేపి మంచమెక్కించింది. ఏడుస్తూ నా గోడు వెళ్ళబోసుకున్నాను. విని, "మీవాళ్ళు లేకపోతే నేను కడగనా? నాకు చేతుల్లేవా?" అంది. మీ క్రైస్తవులు శవాన్ని వైన్‌తో కడుగుతారు, అల్లా ముందుకి నన్ను తాగుబోతుని చేసి పంపుతావా అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం.

తర్వాత దూరం ఊరి నుంచి నెలకోసారి వచ్చే ఇమాంని అడిగాను. మన ఆడవాళ్ళెవరూ లేనప్పుడు వేరే మతం ఆడదానికి నేర్పి చేయించవచ్చన్నాడు. అయినా నాకు మనసొప్పదు. నువ్వే రావాలి.

సెవ్దియే

బుర్సా
నవంబర్

నా సెవ్దియే,

నీ కోపం నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నిజం చెప్పడానికి నోరు రాలేదు. నా కడుపులో ఉన్న గడ్డ ఇక కోసి తీసేది కాదన్నారు డాక్టర్లు. చలికాలం గడవడం కష్టమట.

ఇక్కడ నన్ను కడగడానికి మునిసిపాలిటీ ఆడవాళ్ళుంటారు. శుభ్రంగానే చేస్తారు. కానీ నేనెవరో వాళ్ళకి తెలియదు, నాకది పడదు. మన ఊరొచ్చి, అమ్మ సమాధి పక్కన పడుకుంటాను. కొడుకు కార్లో తీసుకొస్తానన్నాడు. నిన్ను కడగడానికి కాదే, నీ చేత కడిగించుకోవడానికి వస్తున్నా. మాట తప్పాను, క్షమించు.

నజ్మియే

లేస్కోవో
నవంబర్

ప్రాణానికి ప్రాణమైన నజ్మియేకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. ద్రాగనా సూప్ తెచ్చి తిట్టి తినిపించింది.

రా. కిటికీ పక్క మంచం నీదే. కొన్నాళ్ళు నా ఎదురుగా కూర్చుని నన్ను వెక్కిరించు, ఇక్కడ ఆ పని చేసేవాళ్ళు లేక చచ్చిపోతున్నాను.

ఇంకొక్క మాట. నీళ్ళు నేనే పోస్తాను, దువా ప్రార్థన నేనే చదువుతాను. కానీ నిన్ను పక్కకి తిప్పే బలం నా చేతుల్లో లేదు. ద్రాగనాని నాతో ఉండనియ్యి. కడిగే పని నోటితో చెబితే రాదు, చేస్తేనే వస్తుంది. నీ మీద నేర్పుతాను. రేపు నాకు చేయాల్సింది ఆమే.

ఒప్పుకుంటావు కదూ?

నీ కోసం వాకిలి తీసే ఉంచిన
సెవ్దియే