ఎర్ర గింజలు

బావా, పొయ్యి దగ్గర గంపలో ఉన్న దుంపలు ఉడకేయొద్దు, అత్తను కూడా ఉడకేయనివ్వొద్దు. గొయ్యి తీసి పూడ్చిపెట్టి, చేతులు సబ్బుతో కడుక్కో. నిన్న మేకల వెంట పోయినప్పుడు అత్త తవ్వుకొచ్చింది. "చిన్నప్పుడు మా నాయన కాల్చి పెట్టిన దుంపే" అంటోంది. నాకు నమ్మకం లేదు. పొద్దున్నే అత్త తవ్విన చోటుకు పోయి చూశాను. గుంట పక్కనే తీగ పడి ఉంది. ఆకుల కొసలు మెలిక తిరిగి ఉన్నాయి, ఎండిన కాయలు పగిలి ఎర్ర గింజలు బయటపడ్డాయి. వానల్లో అక్కడ మంటలాగా ఎర్రగా, పసుపుగా పూసింది నాభి పువ్వే. దుంప విషం. ముళ్లకంపనైనా వదలని మన మేకలు దాన్ని ముట్టలేదు. నోటితో చెప్తే "మా అమ్మకు తెలియని దుంపా" అంటావు, అందుకే పత్తికి పోయే ఆటో హారన్ కొడుతున్నా రాసిపెడుతున్నాను. అన్నం, పప్పు వండి మూత పెట్టాను.

ఇంకొకటి. రేపు నేను పనికి పోను. అత్తను మార్కాపురంలో కంటి డాక్టరుకు చూపిస్తాను, మేకలు నువ్వు తోలుకుపో. ఆ గింజలు అత్త అరచేతిలో పోసి ఏ రంగని అడిగాను. కాసేపు వేళ్లతో తడిమి చూసి, "మట్టి రంగే గదమ్మా, ఏంది నీ పరీక్షలు" అనింది.