దిబ్బ పోయింది, గొట్టం పంపు

గార్డెన్ రీచ్,
కోల్‌కతా.

జ్యోతిరాణీ,

ఫోన్లో చెప్పబోతే ఏడుపొచ్చేస్తోంది, అందుకే రాస్తున్నాను.

సుందర్‌బన్స్ ఒడ్డున మనిద్దరం బురద తీసిన దిబ్బ గుర్తుందిగా? అందులో దొరికిన బ్యాక్టీరియా ఇంతవరకూ ఎవరూ చూడని కొత్త జాతేనని తేలింది. కానీ బతికున్నదాన్ని రెండు దేశాల్లో భద్రపరిస్తే తప్ప దానికి పెట్టిన పేరు చెల్లదు.

మొన్నటి వానలకి మా ల్యాబులోకి నీళ్లొచ్చి, రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రీజరులో దాచినవన్నీ చచ్చిపోయాయి. మళ్లీ బురద తెద్దామని వెళితే పడవ నడిపే దాదా నీళ్లకేసి చూపించి, "ఆ దిబ్బ కోసుకుపోయింది, దీదీ" అన్నాడు. పక్క ఒడ్డుల బురదలోనూ వెతికాను, దొరకలేదు. మా సారేమో "ఇక వదిలెయ్యమ్మా" అంటున్నారు. నా పీహెచ్‌డీ అంతా అదేనే, ఎలా వదలను?

నువ్వు విశాఖ వెళ్తూ ఆ బ్యాక్టీరియా పెంచిన గొట్టం ఒకటి పట్టుకెళ్లావు. ఇంకెక్కడైనా ఉంటే అందులోనే ఉండాలి. నీ కాళ్లు పట్టుకుంటాను, వెతకవే. ఈ ఉత్తరం తెచ్చిన మా అన్నయ్య ప్రేమ్‌సాగర్ దగ్గర ఐసు పెట్టె ఉంది. నీ దగ్గర అది పెరగకపోయినా, చచ్చిందని మాత్రం పారెయ్యకు. అలాగే పంపించు. బతికుందో లేదో నేనే చూసుకుంటాను.

నీ స్నేహితురాలు