దొర దిగని గని

జనవరి 9, గుడియాత్తం
ఇల్లు చేరి మూడు దినాలు. దగ్గితే ఇంకా బొగ్గే. మా పక్క ఊళ్ళ నుంచి గనికి కూలోళ్ళని పిలుచుకు రమ్మని కొత్త మేనేజరు దొర పంపినాడు. ఈ పనికి నేనేనా దొరికింది? పోయిన నెల మునుసామి మీద గని కప్పు కూలినప్పుడు ఆ పక్క మేస్త్రీని నేనే. వాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతల... ఇంకా పోలేదు.

జనవరి 11
పోయినాను. మునుసామి పెండ్లాం కుప్పమ్మ ఏడవలేదు. "దొర దిగి చూసినాడా అన్నా?" — అంతే అడిగింది.
పాత దొరైతే దిగేవాడు. పొద్దున్నే నాతోబాటు వంగి నడిచి, కర్రతో కప్పు తట్టి వినేవాడు. బోలుగా మోగితే పని నిలిపేసేవాడు. నోరు తెరిస్తే బూతులే, అయినా దిగేవాడు. ఇప్పుడు చట్టం వచ్చె. పరీక్ష ప్యాసైన దొరే ఉండాలంట, లోపల ఏం జరిగినా పూచీ ఆయనదేనంట. పూచీ మీద పడినాక దిగడమే లేదు ఈ కొత్త దొర. ఆఫీసులో కూర్చుని రాసుకుంటాడు. "కప్పు బాగలేదు దొరా" అంటే — "రాసి ఇయ్యి." రాసి ఇచ్చినాను. ఆ మధ్యాన్నమే కూలింది.

జనవరి 15
గని ఆఫీసు నుంచి టపాలో కాగితం. వద్దని నేను చెప్పినా వినకుండా మునుసామే కప్పు కిందికి పోయినాడంట. దొరకు ముందుగా ఏమీ తెలియదంట. నేను చేవ్రాలు చేసి పంపాల. చేస్తే పెద్ద మేస్త్రీ పని. నేనిచ్చిన చీటీ ఊసే లేదు!
చించేద్దామనుకున్నా. చించలేదు.

జనవరి 18, వేలూరు
కాట్పాడిలో రైలు దిగి జట్కాలో వచ్చినా, కాగితం వకీలుకి చూపించను. వకీలు — "చీటీకి నకలు ఉండాదా?" లేదు. "అయితే నీ మాట ఎవరు నమ్ముతారప్పా?" బయటికొచ్చి కోట గోడ పక్కన ఊరికే నిలబడినా. నకలు తీసుకోవాలని నాకేం తెలుసు! పాత దొర దగ్గర మాట చాలేది.

జనవరి 19
చేవ్రాలు చేయలేదు. జరిగింది జరిగినట్టు తెలుగులో రాసి గనుల ఇన్‌స్పెక్టరు దొరకు పంపినా. చదివేవాళ్ళు ఉండారో లేదో.

జనవరి 27
జవాబు లేదు. మేనేజరు తంతి మాత్రం వచ్చె: కూలోళ్ళతో వెంటనే రా.

జనవరి 28
కుప్పమ్మ వాళ్ళన్న మా వాకిట్లో. మగ్గం అమ్మేసి వచ్చినాడు. "నువ్వుండావు గదా అన్నా... నువ్వు చూపించిన చోటే తవ్వతా." వెనకాల కుప్పమ్మ — నన్నే చూస్తా ఉండాది. వద్దనాల. వద్దంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదెట్లా?
"రేపు చెప్తా" అన్నాను.