పళ్ళేల స్టాండులో కంప్యూటర్లు

మల్కాపురం, మంగళవారం రాత్రి

నా మొదటి జీతంతో కొన్న పళ్ళేల స్టాండును ఈరోజు నా కొడుకు గోడ నుంచి ఊడదీశాడు. పళ్ళేలు ఉండవలసిన అరల్లో పాత లాప్‌టాప్‌లను నిలబెట్టి, వైర్లు చుట్టి, నా గది కిటికీ పక్కన బిగించాడు. కాలనీ పిల్లలకు కంప్యూటరు నేర్పుతాడట. నేర్పనీ, నేను కాదన్నానా? నన్ను ఒక్కమాట అడగడానికి నోరు రాలేదా?

“అడిగితే ఇత్తావేటమ్మా?” అన్నాడు.

“ఇవ్వను.”

“మరందుకే అడగలేదు.”

యాభై ఏళ్ళవాడి తర్కం ఇది. పైగా లాప్‌టాప్‌లకు చల్లగా ఉంటుందని కిటికీ బార్లా తెరిచాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడికి పోర్టు బొగ్గుగుట్టల నుంచి వచ్చే నల్లదుమ్ము సంగతి తెలియదా? సాయంత్రానికి ఒకదాని మీద ‘ఈ స్టాండు నాది’ అని వేలితో రాశాను. దుమ్ములో అక్షరాలు చక్కగా పడ్డాయి.

కిటికీ మూస్తే వేడికి పోతాయి, తెరిస్తే దుమ్ముకు పోతాయి. చివరికి వడియాల మీద కప్పే పాత వాయిల్ చీరను నేనే కిటికీకి కట్టాను. గాలి వస్తోంది, దుమ్ము చీరకే అంటుతోంది.

“బలేగుందమ్మా. అవతలి కిటికీకి ఇంకోటుందేటి?” అన్నాడు.

ఈరోజు వాడు నన్ను అడిగింది అదొక్కటే. పెట్టెలో ఇంకొకటి ఉంది, అయినా లేదన్నాను. అడిగితే ఇవ్వనని ముందే చెప్పానుగా.