పొత్తిగుడ్డలకని దాచిన చీర

సోమవారం రాత్రి, తార్నాక

బంద్ పుణ్యమా అని ఇవాళ బీరువా ఖాళీ చేద్దామని కూర్చున్నాను. తలుపు తీయగానే సగం చీరలు ఒళ్లో పడ్డాయి. మా పైగదిలో అద్దెకుండే స్వరూప, యూనివర్సిటీలో ఎమ్మే చదివే పిల్ల, సాయానికొచ్చింది.

"గీ పాత చీరలెందుకు ఆంటీ, ఎవరికన్న ఇయ్యరాదు?"

మా అమ్మాయికి కాన్పయితే పొత్తిగుడ్డలకి పనికొస్తాయని దాచానన్నాను. ఒక నేతచీరని చేత్తో నిమిరి, మెల్లగా అడిగింది.

"ఇదొక్కటి నాకిస్తరా? రేపు క్యాంపస్‌ల ర్యాలీ ఉన్నది. టియర్ గ్యాస్ కొడితే మొహానికి తడిబట్ట కావాలె."

మాది గుంటూరు. "తెలంగాణ వస్తే మమ్మల్ని పొమ్మంటారు, మళ్లీ నా చీరే కావాలిటే?" అన్నాను నవ్వుతూనే. ఆ నవ్వులో బెదురు దానికి తెలిసిపోయింది కాబోలు.

"గీ బీరువా ఎవరు మోస్తరు ఆంటీ? మీరు గీడనే ఉండుర్రి."

ఇద్దరం కూర్చుని చీర చింపాం. నా చెయ్యి అలవాటుగా పొత్తిగుడ్డ కొలతకే చింపింది.

అసలే దానికి మతిమరుపు. పొడిగుడ్డ పట్టుకుని పరిగెడితే ఏం లాభం? పొద్దున్నే గేటు దగ్గర నిలబడి నేనే తడిపి ఇవ్వాలి.