కమాస్ చిత్తడిలో తెల్లపూలు

చెల్లీ రోడా, కమియా నుంచి అక్క ఎస్తేరు ఆశీస్సులు. అమ్మ గురించి బెంగపడకు, కాళ్ల నొప్పి తగ్గింది. మొన్న, మనవాళ్లు తరతరాలుగా దుంపలు తవ్వుకుని తినే ఆ కమాస్ పూసిన చిత్తడి నేలలో తెల్లపూల మొక్కలు ఏరి పీకుతున్నాం. అవి విషం. పూలు రాలాక వాటి దుంపకూ, నీలిపూల కమాస్ దుంపకూ తేడా తెలియదు కదా. ఇంతలో కొత్త ఆసామి గుర్రం మీద వచ్చి, "ఈ నేల నేను కొన్నాను, బయటికి నడవండి" అన్నాడు. అమ్మ వంచిన నడుం ఎత్తలేదు. "కొన్నావులే నాయనా! ఇందులో ఏది తింటే చస్తావో తెలుసా? అదే పీకుతున్నాం, గుర్రాన్ని పక్కకి తియ్యి" అంది. తీశాడు. దుంపల తవ్వకాల నాటికి కంచె వేస్తాడట. వేసుకోనీ. నీ గోడకు తగిలించిన కొమ్ముపిడి తవ్వుకోల అలంకారానికి కాదు, తీసుకురా. పాలు చాలుతున్నాయా? గుంటలో కాల్చిన కమాస్ బాలింతకు మంచిది. మరిదిగారిని అడిగానని చెప్పు. పాపను వీపున కట్టుకుని రా, కంచె దూరడం దానికీ నేర్పుదాం. చల్లగా ఉండండి.